పది పాములు కాదు, రెండే

మొన్న వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళేసరికి మా ఇంట్లో ఒకటే టాపిక్. పెరట్లో పాములు ఎక్కువైపోయాయట. నాయనమ్మ లెక్క ప్రకారం నెల రోజుల్లో పది. పక్కింటి ఆంటీ ఇంకో రెండు కలిపారు. నాన్నయితే నూతి పక్కనున్న నీళ్ళ తొట్టి పగలగొట్టించి, పెరడంతా సిమెంట్ చేయిద్దామని మేస్త్రీతో మాట్లాడేశారు కూడా.

నాకొచ్చిన డౌట్ ఒక్కటే. పది పాములు కనిపించాయా, లేక పాము పదిసార్లు కనిపించిందా? రెండూ ఒకటి కాదు. డేటాబేస్ ల్యాబ్‌లో మనం మొదట్లో నేర్చుకున్నదే ఇది: ప్రైమరీ కీ లేకుండా లెక్కపెడితే ఒకే మనిషి నాలుగుసార్లు వస్తాడు.

ముందు అదేం పామో తెలిసినవాళ్ళకి ఫోటో చూపించి ఖాయం చేసుకున్నా. నీరుకట్టె. ఒంటి మీద చదరంగం బల్లలా నల్ల గళ్ళు, కంటి దగ్గర రెండు నల్ల గీతలు. కప్పలు, చేపలు తింటుంది. విషం లేదు, కానీ విసిగిస్తే గట్టిగానే కరుస్తుంది. అందుకే దగ్గరికి వెళ్ళలేదు. వరండా మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో జూమ్ చేసి తీశా. మూడు వారాల్లో పదకొండుసార్లు కనిపిస్తే, ఎనిమిది ఫోటోలు పనికొచ్చాయి.

గుర్తు అంటే మారనిది అయ్యుండాలి. చిన్నప్పుడు మా వంటింట్లో "తోక తెగిన బల్లి" నాకు తెలుసని గొప్పగా చెప్పేదాన్ని. తోక మళ్ళీ మొలిస్తే ఆ గుర్తు పోయినట్టే. తొండ రంగు కూడా అంతే, గంటలో మారిపోతుంది. పాము గళ్ళు అలా కాదు. కుబుసం విడిచాక రంగు మెరుస్తుంది గానీ, గళ్ళ అమరిక అదే ఉంటుంది.

నేను కూడా తప్పు చేశా. మొదట మూడు పాములని తేల్చా. ఎడమ వైపు గళ్ళూ కుడి వైపు గళ్ళూ ఒకేలా ఉండవు కాబట్టి, ఒకే పాముని రెండుగా లెక్కపెట్టేశా. అది తొట్టి గోడ మీద పడుకున్నప్పుడు పై నుంచి తీసిన ఒక ఫోటోలో రెండు వైపులూ కలిసి కనిపించాయి. అప్పుడు తెలిసింది, రెండే. ఒకదానికి మెడ వెనక రెండు గళ్ళు కలిసిపోయి 8 అంకెలా ఉంటాయి. ఇంకోదానికి కంటి దగ్గర గీత మధ్యలో తెగి ఉంటుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఖగోళ శాస్త్రంలో నక్షత్రాల ఫోటోలు పోల్చడానికి 1986లో వచ్చిన ఒక అల్గారిథమ్ ఉంది. చుక్కల్ని మూడేసి చొప్పున కలిపి, ఆ త్రిభుజాల్ని పోలుస్తుంది. 2005లో దాన్నే వేల్ షార్క్‌ల ఒంటి మీది తెల్ల చుక్కలకి వాడారు. సముద్ర తాబేళ్ళని ముఖం మీది పొలుసులతో గుర్తుపడుతున్నారు. నేనూ ఒక యాప్ చేద్దామనుకున్నా. కానీ ఎనిమిది ఫోటోలకి యాప్ ఎందుకు? కళ్ళు చాలు.

నాయనమ్మకి చూపిస్తే, "రెండైనా పాములే కదే, కరిస్తే?" అంది. ఆ మాట నేను కొట్టిపారేయను. అది రక్తపింజరో కట్లపామో అయ్యుంటే ఒక్కటైనా ఎక్కువే. అప్పుడు ఫోటోలు తీస్తూ కూర్చోకుండా పాములు పట్టేవాళ్ళని పిలవాలి. ముందు జాతి తెలియాలి, తర్వాతే దాని గుర్తులు.

కానీ నా అభిప్రాయం ఇదీ: "ఎక్కువైపోయాయి" అనే మాట లెక్క కాదు, భయం. భయంతో తొట్టి పగలగొడతాం, పొదలు నరుకుతాం, కర్ర తీస్తాం. మన హాస్టల్ మెస్ వెనకా ఇదే జరుగుతోంది. గ్రూప్‌లో "మళ్ళీ పాము" అని నాలుగు మెసేజ్‌లు వస్తే నాలుగు పాములైపోతాయి. అది ఒకటే అయితే, దాన్ని చంపాక అక్కడ ఇంకేం ఉండదు. పది ఉన్నాయనుకుని ఒకటి చంపడం వేరు, ఉన్న ఒక్కదాన్నే చంపుతున్నామని తెలిసి చంపడం వేరు.

కాబట్టి ఈసారి కనిపిస్తే దూరం నుంచి ఒక ఫోటో తీయండి. పాతదాంతో పోల్చండి. నక్షత్ర తాబేలు లాంటిదైతే ఎక్కడ చూశారో మాత్రం స్టేటస్‌లో పెట్టకండి. వాటిని దొంగతనంగా పట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు.

మా పెరటి సంగతి ఇంకా తేలలేదు. నాన్న సిమెంట్ పని సంక్రాంతి దాకా ఆపారు, అంతే. నిన్న ఫోన్ చేస్తే నాయనమ్మ అంది, "ఎనిమిది నంబరుది పొద్దున్నే వచ్చిందే. రెండోదే వారం నుంచి కనబడ్డం లేదు." ఇంతకుముందు అయితే అలా ఒకటి తగ్గిందని మా ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు.