వైఫై డ్రైవర్‌పై పాత తగవు

పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేస్తే వైఫై రాకపోవడం మన బడుల కంప్యూటర్ గదులకు కొత్త కాదు. చిప్‌ను నడిపే డ్రైవర్ కోడ్‌ను కంపెనీ దాచుకుంటే వచ్చే చిక్కది.

అథెరాస్ చిప్‌ల విషయంలో 2007లో ఇది రచ్చకెక్కింది. కంపెనీ మూసిపెట్టిన భాగానికి బదులుగా ఓపెన్‌బీఎస్‌డీకి చెందిన రేక్ ఫ్లోటర్ సొంతంగా కోడ్ రాశారు. ఎవరైనా వాడుకోవచ్చు, తన పేరూ లైసెన్స్ పాఠమూ మాత్రం చెరపకూడదు. ఇదొక్కటే ఆయన షరతు. లైనక్స్ వారు దాన్ని తీసుకుని ఆథ్5కే పేరుతో వేరే శాఖగా పెంచారు. అందులో తప్పు లేదు. కానీ ఆ ఆగస్టులో వచ్చిన ఒక ప్రతిపాదన ఆయన లైసెన్స్ తీసేసి జీపీఎల్ పెట్టబోయింది. ఓపెన్‌బీఎస్‌డీ సారథి థియో డి రాట్ మండిపడ్డారు. ఆ కోపం న్యాయమే. అయితే లైనక్స్‌లో చేసిన మెరుగులు జీపీఎల్ కిందే ఉంటే ఓపెన్‌బీఎస్‌డీకి తిరిగి పనికిరావన్న రెండో ఫిర్యాదు మర్యాదకు సంబంధించినది, చట్టానికి కాదు. ఆ స్వేచ్ఛ ఇచ్చింది ఆయన లైసెన్సే కదా!

న్యాయ సలహాదారులు కలగజేసుకున్నారు. 2008 ఏప్రిల్‌లో 2.6.25 కెర్నెల్‌తో ఆథ్5కే లైనక్స్‌లో చేరింది. అదే ఏడు అథెరాస్ తన కొత్త చిప్‌లకు ఆథ్9కే డ్రైవర్‌ను తానే బయటపెట్టింది.

బడికి ఎవరైనా పాత యంత్రాలిస్తే వైఫై చిప్ పేరు అడగండి. అథెరాస్ అయితే లైనక్స్‌లో చాలావరకు విడిగా డ్రైవర్ వెతకక్కర్లేదు.