వల నిండితే చేప ఉన్నట్టేనా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిజాంపట్నం హార్బర్‌లో మరపడవలు కదలవు. ఈ 61 రోజుల వేట నిషేధంతో సముద్రంలో చేప ఎంత పెరిగిందని అడిగితే మన దగ్గరున్నది రేవు లెక్కే. ఒడ్డుకు ఎన్ని టన్నులు దిగింది, బాపట్ల, రేపల్లె, తెనాలి మార్కెట్లలో ఏ ధర పలికింది అన్నదే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అంచనాలకూ ప్రధాన ఆధారం రేవుల్లో తీసే నమూనాలే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చూసి చేప ఎక్కడ దొరకవచ్చో చెబుతుంది. ఎంత ఉందో చెప్పదు.

కవళ్లు, కానాగంతల వంటి గుంపు చేపల విషయంలో రేవు లెక్క మోసం చేస్తుంది. సంఖ్య తగ్గినా అవి పలచబడవు, ఉన్నవే దగ్గర చేరతాయి. ఆ గుంపును ధ్వనితో పనిచేసే ఫిష్ ఫైండర్ తెరమీద చూపిస్తుంది. సంపద కరిగిపోతున్నా వల నిండుతూనే ఉంటుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కాడ్ చేపకు జరిగింది దాదాపు ఇదే. ట్రాలర్లకు బాగానే దొరుకుతోందన్న ధీమాతో ఏళ్లు గడిపి, చివరికి 1992లో వేటనే ఆపేయాల్సి వచ్చింది.

పట్టడానికి వాడే ధ్వనితోనే లెక్కించవచ్చు కూడా. ఉప్పునీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు వెళుతుంది. చేప పొట్టలోని గాలితిత్తికి తగిలి గట్టిగా వెనక్కి వస్తుంది. పడవ ముందే గీసుకున్న సమాంతర గీతల మీద నడుస్తూ ప్రతిధ్వనుల బలాన్ని కూడుతుంది. ఆ మొత్తాన్ని ఒక్క చేప ఇచ్చే ప్రతిధ్వనితో భాగిస్తే సంఖ్య వస్తుంది. అవి ఏ చేపలో, ఎంత పొడవో తేల్చడానికి మాత్రం వల వేయక తప్పదు.

మన తీరంలో ఇది అంత సులువు కాదు. నార్వేలో హెర్రింగ్ చాలావరకు ఒకే రకం గుంపుగా దొరుకుతుంది. ఇక్కడ ఒకే వలలో పదిరకాలు పడతాయి. బోట్లకు డబ్బు తెచ్చే రొయ్యకు గాలితిత్తే లేదు. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట లోతు తక్కువ. 7 డిగ్రీల కోణంలో కిందికి పంపిన ధ్వని 10 మీటర్ల లోతున పరుచుకునేది దాదాపు 1.2 మీటర్ల వెడల్పే. పైగా ఇంజిన్ చప్పుడుకు చేప పక్కకు తప్పుకుంటుంది. కాబట్టి అన్ని చేపలనూ లెక్కిస్తామనడం గొప్పలు పోవడమే. కవళ్లు, కానాగంతలతో మొదలుపెడితే చాలు.

అందుకు కొత్త ఓడలు కొనక్కర్లేదు. నిషేధ కాలంలో ఊరకే ఉన్న బోట్లలో కొన్నింటిని సరంగుతో సహా అద్దెకు తీసుకుని, ప్రమాణీకరించిన ఎకో సౌండర్ అమర్చి, ఏటా అవే గీతల మీద తిప్పవచ్చు. కచ్చితమైన సంఖ్య రాకపోయినా నిరుటికంటే పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. పెరూ 1960ల నుంచే ఇలాంటి సర్వేలకు వేట పడవలను వాడుకుంది.

బోటు యజమానుల భయం వేరు: లెక్క తక్కువొస్తే వేట ఆపమంటారేమో! అకారణమేం కాదు. 2023లో పిల్ల చేపలు మరీ ఎక్కువ కనిపించాయని పెరూ ఒక ఆంచోవీ సీజన్‌నే రద్దు చేసింది. మన దగ్గర నిషేధ కాలంలో మత్స్యకారులకు ఇచ్చే భృతి క్యాలెండర్‌కు కట్టుబడింది. సర్వే చెప్పిందని మరో నెల ఆగమంటే ఆ నెల కూలి ఎవరిస్తారో జీవోలో ముందే రాయాలి. అది తేలకుండా ఎకో సౌండర్ తెస్తే సరంగులు దాన్ని బోటెక్కనివ్వరు.