వేలముపాటయు, ఆటస్థలమును

కబడ్డీ జట్లవారు ఆటగాండ్రను వేలమున కొనుకొను దినములు వచ్చినపుడెల్ల మన కోనసీమలో ఒక విచిత్రమగు విచారణ సాగుచుండును. అమలాపురపు పఠనమందిరములందును, రాజోలు కాఫీహోటళ్లయందును, కొత్తపేట బస్సుస్టాండు అరుగులమీదను యువకులు గుమిగూడి, తెలుగు టైటన్స్ జట్టువారు ఎవరిని కొనిరి, ఎవరిని వదలిరి, ఎవరికెంత యిచ్చిరి యని వాదించుకొందురు. ఒకరు జట్టునకు నూటికి తొంబది మార్కులు వేయుదురు. మరియొకరు సున్న చుట్టుదురు. కోర్టు వరండాలో మావంటి వకీళ్లు సైతము వాయిదాల మాట మరచి యీ వాదమునకు దిగుట కలదు. దీనిని మేము నిరసింపము. తమదని తలచిన దానిని గూర్చి ప్రజలు విమర్శించుకొనుట జీవముగల జాతి లక్షణము. కాని విమర్శకును ఒక ధర్మము కలదు. దానిని మన మెంతవరకు పాటించుచున్నామో విచారించుటయే నేటి మా యుద్దేశము.

మన తాతలు చెడుగుడు అని పిలిచిన ఆట యిదియే. గోదావరి యిసుకపై కాలితో ఒక గీత గీచిన చాలును, పందెము ఆరంభమగుచుండెను. అట్టి యాటకు ప్రొ కబడ్డీ లీగు అను పేర 2014 సంవత్సరమున వేలముపాట యేర్పడెను. ఆ యేట అందరికంటె హెచ్చు ధర పలికిన రాకేశ్ కుమారునకు పాట్నా జట్టువారిచ్చినది 12 లక్షల 80 వేల రూపాయలు. 2018 నాటికి ధర కోటి దాటెను. 2019లో మన తెలుగు టైటన్స్ వారు సిద్ధార్థ్ దేశాయికి 1 కోటి 45 లక్షలిచ్చిరి. 2023లో పవన్ సెహ్రావత్‌నకు 2 కోట్ల 60 లక్షల 50 వేలిచ్చిరి. అంతకుముందు ఏ జట్టును ఏ యాటగానికిని అంత సొమ్ము ఇచ్చియుండలేదు.

ఆనాటి సంబరము పాఠకులకు జ్ఞప్తి యుండును. అంతకు ముందటి రెండు పోటీలలో మన జట్టు ఒకదానిలో ఇరువదిరెండు ఆటలకు ఒక్కటియు, మరియొకదానిలో ఇరువదిరెంటికి రెండును మాత్రమే గెలిచి, అందరికంటె క్రింద నిలిచియుండెను. అట్టి జట్టునకు దేశములోని మేటి కూతగాడు దొరికెనన్న, ఎండిన కాలువకు లాకులెత్తిన ట్లయ్యెను. మేమును ఆనాడు మిత్రులమధ్య కూర్చుండి, ఇక మన కష్టములు తీరెనని నిశ్చయముగ పలికితిమి. ఫలితమేమి? ఆ పోటీలోను ఇరువదిరెండాటలలో మనవారు గెలిచినవి రెండే. పండ్రెండు జట్లలో స్థానము పండ్రెండవదే. మేము చెప్పినది తప్పయ్యెను. సాక్ష్యము వినకముందే తీర్పు చదివిన న్యాయాధిపతిని ప్రతిదినము ఆక్షేపించు వృత్తిలోనుండి, ఆ నేరమే మేము చేసితిమని యొప్పుకొనుటకు సిగ్గుపడము.

తప్పెక్కడ నున్నది? ఆటగానియందు లేదు. ఆయన శక్తిని ఎవరును శంకింపజాలరు. తప్పు లెక్కలో నున్నది. ఆ వేలమున ఒక్కొక్క జట్టు వెచ్చింపగలిగిన మొత్తము 5 కోట్లు. అందు సగమునకు పైగా ఒక్కనికే పోయెను. మిగిలిన సగములో కూతగాండ్రను, మూలల కాచువారిని, నడుమ నిలిచి పట్టువారిని, బదులు ఆటగాండ్రను సమకూర్చుకొనవలసి వచ్చెను. కబడ్డీ ధర్మమెట్టిదో చూడుడు. బరిలో నుండువారు ఏడుగురు. కూతకు పోయినవాడు ఎంతటి మేటియైనను, పట్టుబడిన వెంటనే బయట కూర్చుండవలసినదే. తనవారు ఎదుటివారిలో ఒకనిని ఔట్ చేసిననే గాని అతడు మరల బరిలోనికి రాజాలడు. పట్టువారు బలహీనులైనచో రెండు కోట్ల యాటగాడు బల్లపై కూర్చుండి చూచుచుండును. గొప్పవానిని కొనుట తప్పు గాదు. అతనిని మరల బరిలోనికి తెచ్చువారిని కొనకుండుట తప్పు.

తరువాతి కథ యింకను బోధకరము. 2024లో టైటన్స్ వారు పవన్‌నే 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకొని, మిగిలిన సొమ్ముతో జట్టును గట్టిపరచుకొనిరి. నడుమ పవన్ గాయపడినను జట్టు కూలలేదు. ఇరువదిరెండాటలలో పండ్రెండు గెలిచి ఏడవ స్థానమున నిలిచి, ఒక్క మెట్టులో తరువాతి దశ తప్పిపోయెను. 2025 వేలమున పవన్ తమిళ తలైవాస్ జట్టునకు పోయెను. అపుడు మా మిత్రులలో పలువురు జట్టు పని సరియని నిట్టూర్చిరి. విజయ్ మాలిక్ నాయకత్వమున, భరత్ అండతో ఆ జట్టే తుదిపోరునకు ఒక్క మెట్టు క్రిందివరకు పోయి, పుణె జట్టుచేత ఓడెను. ఈ యిద్దరికిని కలిపి యిచ్చినది 2023లో ఒక్క పవన్‌నకు ఇచ్చినదానికంటె చాల తక్కువ. మనము మురిసిన యేట జట్టు మునిగెను. మనము నిట్టూర్చిన యేట తేలెను. వేలమునాటి తీర్పున కింతకంటె వేరు ఖండన మేల?

ఇది మన దేశమున మాత్రమే గల మాట కాదు. అమెరికావారి ఫుట్‌బాల్ ఆటలో కళాశాలల నుండి వచ్చు క్రొత్తవారిని జట్లు వరుసక్రమమున ఏరుకొను పద్ధతి 1936 నుండి కలదు. ముందటి యేట హీనముగ నిలిచిన జట్టునకు మొదటి ఎంపిక. అక్కడి ప్రజలును మనవలెనే ఆ దినముననే మార్కులు వేయుదురు. 2000 సంవత్సరమున టామ్ బ్రేడీ యను యువకుని నూటతొంబదియెనిమిది మంది తరువాత గాని ఎవరును ఏరుకొనలేదు. అతడే ఏడుమారులు ఆ దేశపు మహాపోటీ గెలిచెను. ఏరినవారికిని, ఏరక విడిచినవారికిని ఆనాడు ఆ సంగతి తెలియదు.

అంత దూర మేల? మన అమలాపురపు బిడ్డ రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజు సంగతి చూడుడు. 2016లో మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హర్ ఆయనను ముంబయి యువకుడు చిరాగ్ శెట్టితో జోడు కట్టెను. ఇద్దరును పొడగరులు. ఇద్దరును వెనుకనుండి బలముగ కొట్టువారే. ముందు నిలుచు వాడెవడను సందేహము అపుడు సహజము. ఆనాడే మార్కులు వేసియుండిన, ఆ జోడునకు ఏపాటి వచ్చియుండునో చదువరులే యూహింపవచ్చును. 2022లో థామస్ కప్పు మన దేశమునకు వచ్చెను. 2023లో ఆసియా క్రీడలలో ఆ జంట స్వర్ణపతకము గెలిచి, ఆ అక్టోబరులోనే ప్రపంచమున మొదటిస్థాన మందెను. నడుమ గడచినవి ఏడేండ్లు.

ఏడేండ్ల లెక్క కోనసీమ రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. దేశవాళి కొబ్బరి మొక్క ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. నాటిన దినమున గట్టుపై నిలిచి ఈ చెట్టు ఇన్ని గెలలు వేయునని పలుకు రైతును ఇరుగుపొరుగువారు నవ్వుదురు. అంబాజీపేటలో దింపుకాయను తట్టి చూచి ధర కట్టు వర్తకుడు వేరు, మొలకను చూచి నాటు రైతు వేరు. మనము క్రీడలయందు వర్తకుని దృష్టి నేర్చుకొంటిమి గాని రైతు దృష్టి మరచితిమి.

ఇచటనే మేము ముఖ్యముగ చెప్పదలచిన మాట కలదు. ఇంతవరకు ఈ జట్టు కీర్తిని మోసినవారెవరు? రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశమువాడు. సిద్ధార్థ్ దేశాయి మహారాష్ట్రుడు. పవన్ ఢిల్లీవాడు. విజయ్ మాలిక్, భరత్‌లు హర్యానావారు. వీరు పరాయివారని మా భావము కాదు. భారతీయుడు భారతదేశమున ఎచట ఆడినను అది వాని యిల్లే. సాత్విక్ ముంబయివానితో జోడుకట్టి దేశమునకు పతకము తెచ్చినపుడు మనము గర్వించితిమి గదా. అయినను పేరు తెలుగు, ధనము తెలుగు, చప్పట్లు తెలుగు, కూత మాత్రము ఇతరులది యైనచో, అందు మన లోపమేమో యని యడుగుకొనుట ధర్మము. హర్యానా గ్రామములలో బాలుడు నిత్యము మట్టిలో ఆడును. ఆడి నేర్చినవానికి రైల్వేలోనో సైన్యమునందో కొలువు దొరకు నను ఆశ యుండును. మనయందు సంక్రాంతి మూడు దినములు పందెములు పెట్టి, నాలుగవ దినమున బరి చెరిపివేయుదుము. మూడు దినముల యాటకు మూడువందల యరువదియైదు దినముల ఫలము కోరిన నెట్లు వచ్చును?

ఆటగాండ్రు లేరనుటకు ముందు ఆటస్థలము కలదా యని చూడవలయును. మే మెరిగిన యొక గ్రామమున పిల్లలు తరతరములుగ ఆడుకొనుచున్న ఖాళీస్థలము క్రమముగ ఒకవైపు కొబ్బరిరాసులచేతను, మరియొకవైపు పాకలచేతను ఆక్రమింపబడి, తుదకు దావా దాక వచ్చెను. కాగితములు వెదకగా అది ఆటస్థలమని ఎచటను వ్రాసి లేదు. ఆ పిల్లల పక్షమున చూపుటకు వారి కాలిగురుతులు తప్ప సాక్ష్యము లేకపోయెను. నాడు వాదము వ్రాసినవారము మేమే గనుక ఆ బాధ మాకు తెలియును. ఆ గ్రామమున ఇప్పుడు వేలముపాట చర్చకు కొదవ లేదు. కూత వేయుటకు చోటు లేదు.

కబడ్డీ బరి ఎంత నేల కోరును? పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అనగా మూడు సెంట్లకు కొంచెము మించును. స్త్రీల బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. రెండున్నర సెంట్లు నిండదు. చుట్టును కొంత వదలినను పది సెంట్లు చాలును. మన భూమి బంగారమే, ఒప్పుకొందుము. కాని గ్రామమునకు పది సెంట్లు విడువలేని బంగార మెందులకు? ఆసియా క్రీడలలో మన దేశపు స్త్రీలును కబడ్డీ స్వర్ణము తెచ్చినవారే గనుక, ఆ పది సెంట్లలో ఆడపిల్లలకును సమానమగు పాలుండవలయును.

కావున మా సోదరులకు మా మనవి యిది. వేలముపాటను గూర్చి వాదింపుడు. కాని ఆనాటి మీ తీర్పును ఒక కాగితముపై వ్రాసి పఠనమందిరములో భద్రపరచి, పోటీ ముగిసిన పిమ్మట తీసి చదువుకొనుడు. వినయము దానంతట నదే వచ్చును. జట్టును చూచునపుడు ఎవరికెంత యిచ్చిరని గాక, పట్టుబడినవానిని మరల బరిలోనికి తెచ్చువా రెవరని యడుగుడు. అంతకంటె ముఖ్యముగ, వచ్చు గ్రామసభకు పోయి, మన యూరిలో పిల్లల యాటస్థల మేది, అది రికార్డులయందు ఆ పేర వ్రాయబడినదా యని యడుగుడు. వ్రాయబడకున్న వ్రాయించుడు. అందులకు కాగితములు సిద్ధపరచుటలో ఏ గ్రామమువారికైనను రుసుము లేకుండ సాయపడుటకు మావంటి వకీళ్లు అమలాపురములో కొందరైనను ముందుకు వత్తురని మేము హామీ యిచ్చుచున్నాము.

కొత్త యువకులను వేలమునకు వెలుపలనే జట్లలోనికి తీసికొను పద్ధతియు లీగులో కలదు. ఆ ద్వారము మన పిల్లలకును తెరచియే యున్నది. దానిదాక నడచుటకు వారికి కావలసినది కోట్లు కాదు, పది సెంట్ల నేల, ప్రతి సాయంకాలము ఒక గంట, తప్పు దిద్దు పెద్ద యొకడు. ఇవి సమకూర్చినపుడు మనము వేలమునాడు ఎవరిని కొనిరని యడుగము. మన యూరివాని పేరు ఎప్పుడు పిలుతురాయని చెవియొగ్గి విందుము.