యువజన శిబిరాలు, మన పిల్లలు: తప్పు వెతికే ముందు ఒక మాట

పరీక్షలు ముగిశాయంటే మా హోసూరు వీధుల్లో కరపత్రాలు మొదలవుతాయి. యోగా శిబిరం, వ్యక్తిత్వ వికాసం, సంస్కార తరగతులు, చర్చిలో వెకేషన్ బైబిల్ స్కూలు, మసీదులో వేసవి తరగతులు. మతాలు వేరైనా పిలిచే పద్ధతి ఒకటే. మన ఇళ్ల పిల్లలూ వెళ్తున్నారు.

పోయిన ఏడాది మా సంఘ సభ్యుల ఇంటి అబ్బాయి ఒకడు అలాంటి శిబిరానికి వెళ్లి వచ్చి, ఇంజనీరింగ్ చదువు మానేస్తానన్నాడు. తల్లిదండ్రులు మా దగ్గరికొచ్చి పోలీసులకు అర్జీ రాసిపెట్టమన్నారు. జీవితమంతా గుమాస్తా పని చేసినవాళ్లం, అర్జీ రాయడం మాకు కష్టం కాదు. కానీ ఏమని రాయాలి? అబ్బాయికి 19 ఏళ్లు. తనంతట తానే వెళ్లాడు.

ఇలాంటి విషయంలో చట్టం ఎక్కడ నిలబడుతుందో 2024లో మన రాష్ట్రంలోనే చూశాం. కోయంబత్తూరు దగ్గరి ఈశా యోగ కేంద్రంలో ఉంటున్న తన ఇద్దరు కూతుళ్ల కోసం ఒక తండ్రి మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇద్దరూ మేజర్లు, మా ఇష్టంతోనే ఉన్నామన్నారు. అక్టోబరు 18న కోర్టు ఆ పిటిషన్‌ను ముగించింది. 18 ఏళ్లు నిండినవారిని కోర్టు కూడా ఇంటికి లాక్కురాలేదు. అంతకు లోపు వయసువారి సంగతి వేరు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో మత బోధనకు పిల్లల్ని కూర్చోబెట్టాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఈ హక్కు ఉందని తెలిసిన తల్లిదండ్రులు తక్కువ.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1844లో లండన్‌లో జార్జి విలియమ్స్ అనే బట్టల కొట్టు ఉద్యోగి, పని కోసం పట్నం చేరిన కుర్రాళ్ల కోసం వై.ఎం.సి.ఎ. మొదలుపెట్టాడు. మొదట ప్రార్థన, బైబిలు చదవడం. తర్వాత వసతి, ఆటలు. మన పిల్లలు ఆడే బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలోనే పుట్టింది. 1898లో కొలంబోలో బౌద్ధులు అదే పద్ధతిలో వై.ఎం.బి.ఎ. పెట్టుకున్నారు. ఒంటరిగా ఉన్న యువకుడికి ముందు తోడు చూపించాలి, బోధన తర్వాత. ఈ సంగతి అన్ని మతాలవారూ గ్రహించారు.

నేటి శిబిరాల నడక కూడా అంతే. ముందు స్నేహితుడు పిలుస్తాడు. తక్కువ ఫీజు, పాట, భోజనం. తర్వాత వాట్సాప్ గ్రూపు. వారం తిరిగేసరికి చిన్న పని అప్పజెబుతారు: చెప్పులు సర్దు, మైకు చూసుకో, పదిమందిని పిలుచుకురా. పని చేసినవాడు ఆ చోటును తనదనుకుంటాడు. ఇందులో మోసం లేదు. మోసం ఎక్కడుంటుందంటే, ఇంట్లో చెప్పొద్దన్నప్పుడు, రోజుల తరబడి ఫోను తీసేసుకున్నప్పుడు, చదువు మానమన్నప్పుడు, డబ్బు లెక్క చెప్పనప్పుడు, బయటికి వస్తానంటే భయపెట్టినప్పుడు. పిల్లల్ని పంపేముందు ఈ ఐదూ అడిగి తెలుసుకోండి. నడిపే సంస్థ పేరు, బాధ్యుల ఫోను నంబరు రాసిపెట్టుకోండి.

మేము ఆ అబ్బాయితో కూర్చుని మాట్లాడాం. తిట్టలేదు. అక్కడ ఏం నచ్చిందని అడిగాం. "నన్ను పేరుపెట్టి పిలుస్తారు. మన సంఘంలో నన్ను ఫలానావారి అబ్బాయి అనే అంటారు. మూడు ఉగాదులకు వచ్చాను, మూడుసార్లూ కుర్చీలే వేయించారు" అన్నాడు. మాకు జవాబు దొరకలేదు. ఏడాదికి ఒక ఉగాది, ఒక సంక్రాంతి, వేదిక మీద అరవై దాటిన మేమే. వాళ్లు ప్రతి వారం పిలుస్తుంటే మనం ఏడాదికి రెండుసార్లు పిలుస్తున్నాం.

అర్జీ రాయలేదు. అబ్బాయి ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు, ఆదివారం ఉదయం అక్కడికీ వెళ్తున్నాడు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఆదివారం సాయంత్రం మా సంఘం గదిలో చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాడు. ఆ తరగతి తాళంచెవి అతని దగ్గరే ఉంది. రాబోయే ఉగాదికి వేదిక కూడా కుర్రాళ్లకే అప్పగించాలని తీర్మానించాం. కుర్చీలు మేము వేస్తాం.