చదవనిస్తేనే కదా రాసేది

సంపాదకులు గారికి,

చూపులేని రచయితల ప్రస్తావన వస్తే చాలు, మన పత్రికల్లో ‘మనోనేత్రం’, ‘సంకల్పబలం’ అన్న మాటలు దొర్లుతాయి. ఆ మెచ్చుకోలులో అసలు సంగతి మరుగున పడిపోతోంది. 1934లో లాహోర్‌లో పుట్టిన రచయిత వేద్ మెహతాకి నాలుగేళ్లు నిండకముందే మెనింజైటిస్ వల్ల చూపు పోయింది. 2021లో న్యూయార్క్‌లో కన్నుమూసేనాటికి ఆయన ఇంగ్లీషులో రాసినవి ఇరవైకి పైగా పుస్తకాలు. 1961 నుంచి 1994 దాకా ‘న్యూయార్కర్’ పత్రికలో పనిచేశారు. తండ్రి కథ ‘డాడీజీ’తో 1972లో మొదలైన ఆత్మకథ 2004 నాటికి పన్నెండు సంపుటాలైంది. పుస్తకాలు చదివి వినిపించేవాళ్లు, చెబుతుంటే రాసుకుని దిద్దినన్నిసార్లూ తిరిగి చదివేవాళ్లు, జీతమిచ్చి అచ్చువేసే పత్రిక ఉండబట్టి ఇంత పనీ సాగింది. అంతకన్నా ముందు, చదువు కోసమే పదిహేనేళ్ల వయసులో ఇల్లు వదిలి, అమెరికాలో ఆర్కాన్సా అంధుల పాఠశాలకు వెళ్లవలసి వచ్చింది.

ప్రతిభ లేకపోతే ఎందరు సాయపడి ఏం లాభం అనవచ్చు. నిజమే, కానీ ఆ ప్రతిభ ఎవరిలో ఉందో తేలాలంటే ముందు చేతికి పుస్తకం అందాలి. మచిలీపట్నం దగ్గర పుట్టి, మన బేగంపేట దేవనార్ అంధుల పాఠశాలలో చదువుకున్న బొల్లా శ్రీకాంత్ ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ తర్వాత అమెరికాలోని ఎంఐటీ రమ్మంది. మెహతా వెళ్లిన అరవై ఏళ్లకి కూడా దారి విదేశానికే! ఇక తెలుగులో రాయాలనుకునే చూపులేని పిల్లకి ఏ విదేశం దారి చూపుతుంది?

పుస్తకం అందడానికి చట్టం అడ్డం కాదు. వికలాంగులు చదువుకోగల రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ వీలిచ్చింది. చూపులేనివారికి పుస్తకాలు అందేలా చూసే అంతర్జాతీయ మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మనమే. చిక్కంతా అచ్చుకు పేజీలు కూర్చే డీటీపీ దగ్గరుంది. అను ఫాంట్లలో కూర్చిన పేజీ కంటికి తెలుగే. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ. చూపులేనివారికి కంప్యూటర్‌లో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటినే పైకి చదువుతుంది, ఒక్క ముక్కా అర్థం కాదు. అదే, తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లో ఉంటే వాక్యం వాక్యంగా, కావాలంటే అక్షరం అక్షరంగా వినిపిస్తుంది.

ఆడియో పుస్తకాలున్నాయి కదా అంటారు. కథ వినడానికి అవి బాగానే పనికొస్తాయి. రాయాలనుకునేవారికి మాత్రం ‘ల’ ఎక్కడ, ‘ళ’ ఎక్కడ, ఏ ఒత్తు ఎక్కడ పడిందో తెలియాలి. నచ్చిన వాక్యం దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, అదెలా కట్టారో తడిమి చూసుకోవాలి. రికార్డు చేసిన గొంతు ఆ పని చేయనివ్వదు. యూనికోడ్ ఫైలు ఇస్తే దొంగ కాపీలు పుడతాయన్న ప్రచురణకర్తల భయాన్ని కొట్టిపారేయను. అయితే అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి పంచేవాడికి ఆ ఫైలుతో పనిలేదు. దాన్ని అంధుల పాఠశాలలకో, 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయానికో ఇస్తే నమోదైన పాఠకులకే అందుతుంది.

ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు అందరి దగ్గరా వసూలవుతోంది, చూపులేనివారున్న ఇళ్లతో సహా. ఆ డబ్బుతో కొనే ప్రతి తెలుగు పుస్తకానికీ యూనికోడ్ ప్రతి కూడా ఇవ్వాలని గ్రంథాలయ సంస్థలు షరతు పెట్టాలి. మీరు కూడా మీ ఆదివారం సంచిక కథల్ని ఆ రూపంలో ఈ నెల నుంచే అంధుల పాఠశాలలకు పంపండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జవహర్‌నగర్, నాచారం, హైదరాబాద్