పొద్దున చూద్దాంలే..

పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇరుక్కుని నిమ్స్ గేటు వైపు చూసినప్పుడల్లా మా పాత టీమ్ లీడ్ గుర్తొస్తారు. ఓ సాయంత్రం ఆఫీసులో మాట తడబడింది, కుడిచెయ్యి మౌస్ పట్టలేకపోయింది. "నిద్ర చాల్లేదు, పొద్దున చూద్దాంలే" అని ఇంటికెళ్ళి పడుకున్నారు. మేమూ ఆపలేదు. అది స్ట్రోక్. ఇప్పటికీ కుడిచేత్తో టైప్ చెయ్యలేరు.

తర్వాత కూర్చుని చదివాను. రక్తం ఆగినచోట కణాలకి శక్తి అందదు. వాటిలోని గ్లూటమేట్ బయటికి ఒలికిపోతుంది, దాన్ని వెనక్కి తోడే పంపులూ ఆగిపోతాయి. అది పక్క కణాల తలుపులు బార్లా తెరిపిస్తే కాల్షియం వరదలా దూరి వాటినీ చంపేస్తుంది. ఒక సర్వర్ పడితే లోడంతా మీదపడి పక్కవీ పడిపోతాయే, అచ్చం అలాగే!

మరి ఆ తలుపులు మూసే మందు? ఎలకల్లో భేషుగ్గా పనిచేసినవి మనుషుల్లో చాలావరకు తేలిపోయాయి. అమెరికాలో 1,700 మందితో చేసిన పరీక్షలో, అంబులెన్సులోనే మెగ్నీషియం మొదలుపెట్టి చూశారు. 2015లో ఫలితం వచ్చింది, ప్రయోజనం లేదని.

అందుకే నేననేది, ఇప్పటికి మనకున్న అసలు మందు టైమే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా 4.5 గంటలే గడువు, స్కాన్ కూడా అందులోనే. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108. ప్రొడక్షన్ డౌన్ అయితే అర్ధరాత్రి లేచి కూర్చుంటాం. మనిషి డౌన్ అయితే పొద్దున చూద్దామంటామా?