ఖాళీ చెయ్యి అడిగే నియమం

ఈ వారం ఒక ఆట గురించి రాస్తున్నాను. చదువులకూ ఉద్యోగాలకూ బయట ఊళ్లకు వెళ్లిన మన పిల్లలు కొందరు ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తీసుకొచ్చారు. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ ఆడతారు. ఇందులో మంత్రాలు ఉన్నాయని 1980లలో అక్కడి క్రైస్తవులు చాలామంది భయపడ్డారు. ఆ మంత్రాలు కాగితం మీది లెక్కలే. నా ఫిర్యాదు మంత్రాల మీద కాదు, ఆ లెక్క ఎగ్గొట్టడం మీద.

ముందు నియమం ఏమిటో చూద్దాం. 2014లో వచ్చిన ఐదవ కూర్పు ప్రకారం ఒక మంత్రం మూడు సంగతులు అడగవచ్చు: నోటితో పలకడం, చేత్తో సైగ చేయడం, ఏదైనా వస్తువు వాడడం. సైగకు ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. వస్తువు తీయడానికీ ఖాళీ చెయ్యి కావాలి, రెండు పనులకూ అదే చెయ్యి సరిపోతుంది. ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రానికి గబ్బిలం రెట్ట, గంధకం కావాలి. ఇలాంటి చవక సరుకులకు బదులు ఒక సంచో, చేతికర్రో ఉంటే చాలు. ధర రాసి ఉన్న వస్తువు మాత్రం ఉండి తీరాలి. అప్పుడే చనిపోయినవారిని లేపే రివివిఫై మంత్రానికి 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు కావాలి, అవి ఆ మంత్రంతోనే ఖర్చైపోతాయి.

చాలామంది దీన్నంతా చిల్లర విషయం అని పక్కన పెట్టేస్తారు. "సరదాగా ఆడుకుంటున్నాం, చేతులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా?" అంటారు. ఆ మాట వినడానికి ఉదారంగానే ఉంటుంది. ఆ ఉదారం ఎవరి జేబులోంచి వస్తుందో గమనించండి.

అదే బల్ల దగ్గర ఫైటర్ పాత్రతో ఒకరు కూర్చుంటారు. అతనికి మంత్రాలు లేవు. అతనికున్నవి రెండు చేతులే. గ్రేట్‌సోర్డ్ పట్టుకుంటే రెండు ఆరు ముఖాల పాచికల దెబ్బ కొట్టగలడు, కానీ దానికి రెండు చేతులూ కావాలి. డాలు పట్టుకుంటే రక్షణ 2 పెరుగుతుంది, కానీ మిగిలిన చేతిలో చిన్న ఆయుధమే పడుతుంది. రెండూ కావాలని అతను అడిగితే ఏ బల్లయినా ఒప్పుకుంటుందా? నవ్వి ఊరుకుంటుంది. మరి డాలు ఒక చేత, గద ఒక చేత పట్టుకున్న క్లెరిక్ మంత్రం వేస్తానంటే మాత్రం "సరేలే" అనేస్తారు. ఒకరి చేతులు లెక్కపెట్టి, ఇంకొకరి చేతులు లెక్కపెట్టకపోవడం ఏ న్యాయం? బలం ఎక్కువున్నవాడికే మినహాయింపు ఇవ్వడాన్ని దయ అనరు, పక్షపాతం అంటారు.

ఇంకొక సంగతి. మంత్రగాణ్ణి ఆపడానికి మిగిలినవారికి దొరికే పట్టు ఈ నియమాల్లోనే ఉంది. నోరు కడితే పలకలేడు. చేతులు కడితే సైగ చేయలేడు. సంచి లాక్కుంటే వస్తువు లేదు. ఇవి తీసేస్తే, బందీగా ఉన్న మంత్రగాడికీ స్వేచ్ఛగా ఉన్నవాడికీ తేడా ఉండదు. వజ్రాలు అడగకపోతే చావుకూ విలువ ఉండదు. తోటివాడి ప్రాణం కోసం నెలల తరబడి వజ్రాలు దాచుకున్న ఆటగాడి త్యాగం ఒక్క మాటతో వృథా అవుతుంది.

"నియమంలోనే తిరకాసు ఉంది కదా" అంటారు కొందరు. నిజమే, ఉంది. క్లెరిక్ తన పవిత్ర చిహ్నాన్ని డాలు మీద వేసుకోవచ్చు. వస్తువు అడిగే బ్లెస్ మంత్రాన్ని ఆ డాలు చేతితోనే, గద వదలకుండా వేయవచ్చు. వస్తువు అడగని క్యూర్ వూండ్స్‌కు మాత్రం గద పక్కన పెట్టాలి. సైగ రెండింటికీ ఉంది, అయినా తక్కువ అడిగే మంత్రమే ఎక్కువ కష్టం పెడుతుంది! ఇది సబబుగా లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే దానికి దారి ఆటలోనే ఉంది. వార్ కాస్టర్ అనే ప్రత్యేక నేర్పు తీసుకుంటే రెండు చేతులూ నిండి ఉన్నా సైగ చేయవచ్చు. దాని కోసం ఇంకో మేలు వదులుకోవాలి. అలా వదులుకుని అది సంపాదించిన ఆటగాడి పక్కనే, ఏమీ వదులుకోనివాడికి అదే ఊరికే ఇచ్చేస్తే మొదటివాడి ముఖం ఎలా చూస్తారు?

నియమం మార్చకూడదని నేను అనడం లేదు. నచ్చకపోతే మార్చండి. కానీ ఆట మొదలవక ముందు, అందరి ఎదుట, అందరికీ ఒకేలా మార్చండి. యుద్ధం మధ్యలో, గట్టిగా మాట్లాడే ఒకడి కోసం మార్చకండి. అలా చేసినప్పుడు నష్టపోయేది సాధారణంగా నోరు తెరవనివారే. కొత్తగా వచ్చిన పిల్ల, మొహమాటపడే తమ్ముడు. ఆట తేలికగా ఉంటుందని చెప్పి వారి చేతికి ఫైటర్‌ను ఇచ్చేది కూడా మనమే. రెండు మూడు వారాలు చూసి, తమ పాత్రతో ఎవరికీ పని లేదని వాళ్లకు అర్థమవుతుంది. తర్వాత రావడం మానేస్తారు. ఎందుకు మానేశారో ఎవరూ అడగరు.

కాబట్టి ఆట నడిపించే మన పిల్లలకు నా మనవి ఇదే. ఈసారి ఎవరైనా మంత్రం వేస్తానంటే ఒక్క ప్రశ్న వేయండి: "బాబూ, నీ చేతుల్లో ఏమున్నాయి?" ఆ ప్రశ్న అడగడానికి క్షణం కూడా పట్టదు. ఫైటర్‌ను అడిగినట్టే అందరినీ అడగండి.